రెండువందల నలభై బొమ్మల జేబు

ఆ పొద్దున టైలరు అనుకున్నది ఒక్కటే. జేబు కుట్టడం వీడియో తీసి పన్నెండులోగా బట్టల ఫ్యాక్టరీకి పంపాలి. అక్కడ మాస్టరు ఉద్యోగం ఖాళీగా ఉంది. రెడీమేడు బట్టలు వచ్చాక అతని షాపుకు జిప్పు మార్పించుకునేవాళ్ళు తప్ప ఎవరూ రావడం లేదు. ఇది తప్పితే షాపుకు తాళమే.

సెకనుకు ఎన్ని బొమ్మలు తీయమంటావని ఫోను అడిగింది. ఇరవైనాలుగు, ముప్ఫై, అరవై, రెండువందల నలభై. టైలరు మెడలోని టేపు సవరించుకుని ఆలోచించాడు.

"పెద్దదే పెడదాం," అన్నాడు భార్యతో. "గుడ్డ ఎక్కువైతే లోపలికి మడుస్తాం. తక్కువైతే ఎక్కడ తెస్తాం?"

"వీడియోకి మడతలేంటండీ?"

"ఎక్కువే మంచిది. నువ్వు ఫోను పట్టుకో."

నిమిషంలో జేబు కుట్టేశాడు. వేసి చూస్తే వీడియో ఎనిమిది నిమిషాలుంది. సూది పైకి లేచి, కాసేపు ఆలోచించుకుని, కిందికి దిగుతోంది. పైన ట్యూబులైటు టపటప కొట్టుకుంటోంది.

"ఇంత మెల్లగా కుడితే ఉద్యోగం ఎవరిస్తారు?" అంది భార్య.

టైలరు మిషనుకు నూనె పోశాడు. లైటు కోసం బావమరిదిని పిలిచాడు. బావమరిది ఎలక్ట్రీషియను. పని కొంచెం, ధైర్యం ఎక్కువ.

"బానే వెలుగుతోంది కదా బావా."

"కంటికి వెలుగుతోంది. ఫోనులో చూడు."

బావమరిది చూశాడు. ముఖం పెద్ద డాక్టరులా పెట్టాడు. "ఇది లోపలి జబ్బు."

ట్యూబు మార్చాడు. ఫోనుతో కాసేపు లైటును వీడియో తీసి చూశారు. కొట్టుకుంటూనే ఉంది. స్టార్టరు మార్చాడు. అదే వరస. చివరికి బోర్డు విప్పి ఒక తీగ లాగాడు. టప్పుమంది. లైటు పోయింది, ఫ్యాను పోయింది, పక్క సెలూన్లో కరెంటు కూడా పోయింది.

సెలూన్లోంచి ఒకాయన మెడకు తువ్వాలుతో బయటికొచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండోదాని మీద గడ్డం ఉంది.

"ఎవరయ్యా ఆ పని చేసింది? ట్రిమ్మరు సగంలో ఆగింది."

"లైటుకు జబ్బండీ," అని బావమరిది ఫోను చూపించాడు.

సగం గడ్డం ఆయన వీడియోలు తీసి బతికే మనిషి. చూసి నిట్టూర్చాడు.

"జబ్బు లైటుది కాదు, మీరు పెట్టిన అంకెది. అన్ని బొమ్మలు తీస్తే సెకను పనిని ఎనిమిది సెకన్లు చేసి చూపిస్తుంది. లైటు ఆరి వెలగడం మన కంటికి అందదు. దానికి అందుతుంది. ముప్ఫై పెట్టుకోండి, చాలు."

బావమరిది వేలాడుతున్న తీగల వంక ఒకసారి చూసి, వెళ్ళి అక్క వెనకాల నిలబడ్డాడు.

చీకట్లో కుట్టలేరు గనక మిషనును వీధిలోకి మోశారు. ఎండలో, ముప్ఫై పెట్టి, సగం గడ్డం ఆయనే ఫోను పట్టుకుని తీశాడు. నిమిషం వీడియో. సూది కంటికి ఆనలేదు. పన్నెండుకు ఇంకా అయిదు నిమిషాలుంది. టైలరు ఫోను భార్యకిచ్చి, "పంపెయ్యి," అని మిషను లోపలికి మోసుకెళ్ళాడు.

"పంపావా?"

"ఎప్పుడో. పెద్దది పంపాను."

"ఆ ఎనిమిది నిమిషాలదా?"

"ఎక్కువే మంచిదన్నారుగా."

టైలరు స్టూలు మీద కూర్చుని ఎవరిదో పాత జిప్పు విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి కరెంటాఫీసు మనిషి వచ్చి తీగ అతికించి వెళ్ళాడు. సగం గడ్డం ఆయనకు రెండో చెంప కూడా నున్నగా అయింది. ట్యూబులైటు రెప్ప వేయకుండా వెలుగుతుండగా ఫ్యాక్టరీ నుంచి జవాబొచ్చింది. భార్య పైకి చదివింది.

"అందరూ వేగం చూపించారు. సూది ఎటు పోయిందో తెలియలేదు. మీ వీడియోలో కుట్టు కుట్టూ కనబడింది. కొత్తవాళ్ళకు నేర్పే మాస్టరుకు ఈ ఓపికే కావాలి. సోమవారం చేరండి."

టైలరు జిప్పు కింద పెట్టాడు. భార్య ఇంకా చదువుతోంది.

"ఒక్క మాట. ముందు మీ షాపులో ఆ లైటు బాగుచేయించుకోండి."

బావమరిది అప్పటికే లైటు అందుకోవడానికి స్టూలు కోసం వెతుకుతున్నాడు.