వైమోలి ఒడ్డున చెత్త కరువు

శనివారం పొద్దున ఇనోకే వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా వైమోలి ఊరి సముద్రపు ఒడ్డుకు చేరడం, నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నప్పుడే చెత్త ఏరడం, పత్రిక ఫోటోగ్రాఫరు రాగానే నిండిన సంచుల పక్కన చేతులు కట్టుకుని నిలబడడం, మధ్యాహ్నానికి సువా నగరానికి తిరిగొచ్చి హాస్టల్లో పడుకోవడం. వీటిలో తనకు బాగా చేతనయ్యేది చివరిదొక్కటేనని ఇనోకే తానే ఒప్పుకునేవాడు.

ఇనోకే మా కాలేజీ పర్యావరణ సంఘానికి అధ్యక్షుడు. పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. పోటీకి ఇంకో మనిషి ఉంటే కదా! సంఘంలో నిజంగా పనిచేసేది శలేష్ని ఒక్కతే. మిగతావాళ్లు ఉచిత టీషర్టు కోసం చేరి, అది చేతికందగానే ప్రకృతిని దాని మానాన వదిలేశారు. ఈ ఏడాది ఒక్క మంచి పనైనా పేపర్లో పడకపోతే సంఘం గదిని టేబుల్ టెన్నిస్ వాళ్లకు ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ గారు ఖరాఖండిగా చెప్పేశారు. ఆ గదిలో ఫ్యాను ఉంది. కాబట్టి ఇనోకే కదిలాడు.

ఆ వారం మొదట్లోనే వైమోలి వెళ్లి, పద్ధతి ప్రకారం నీళ్లలో నూరి తాగే యంగోనా వేళ్ల కట్ట ముందుంచి, ఊరి పెద్ద సైరూసిని అనుమతి అడిగాడు. సువాలో పుట్టి పెరిగినవాడు కాబట్టి పెద్దల ముందు మాట్లాడవలసిన మాటలు సగమే వచ్చు. వచ్చిన సగంతోనే నెట్టుకొచ్చాడు.

"అంటే మా ఒడ్డు మీద చెత్త ఉందని, దాన్ని ఏరడానికి కాలేజీ పిల్లలు వస్తారన్నమాట," అన్నాడు సైరూసి.

"అవును పెద్దాయనా!"

"పేపరువాళ్లు కూడా వస్తారా?"

"తప్పకుండా వస్తారు!"

సైరూసి తల తిప్పి ఒడ్డువైపు చూశాడు. ఆయన ఆనందంతో పొంగిపోతున్నాడని ఇనోకే అనుకున్నాడు.

శనివారం అద్దె ట్రక్కు దిగేసరికి ఒడ్డు అద్దంలా మెరుస్తోంది. ఇసక మీద ఈనెల చీపుళ్ల గీతలు దువ్విన జుట్టులా వరసగా ఉన్నాయి. కొబ్బరిచెట్ల మొదళ్లకు సున్నం పూశారు. ఊరి ఆడవాళ్లు పువ్వుల గౌన్లు వేసుకుని దండలతో ఎదురొచ్చారు. రాలిన ఆకు ఒక్కటి లేదు. మడచెట్ల వేళ్లు సైతం కడిగినట్టున్నాయి.

"ఇదేంటి బూబూ?" అన్నాడు ఇనోకే.

మాకెలెసి ఊరందరికీ అమ్మమ్మ వరస. చిన్నా పెద్దా అందరూ ఆమెను బూబూ అనే పిలుస్తారు. ఆమె ఇనోకే మెడలో దండ వేసి బుగ్గ గిల్లింది. "చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్చుకోమట్రా? చెత్తలో నిలబెట్టి మీకు ఫోటో తీయిస్తే మా పరువేం కావాలి? తెల్లారకముందే లేచాం అందరం. రండి, యంగోనా తాగి, కసావా దుంపలు తిందురుగాని."

విద్యార్థులు హుషారుగా సభా భవనంలోకి నడిచారు. వాళ్లను తెచ్చింది భోజనం కాబట్టి వాళ్ల వరకూ కార్యక్రమం సవ్యంగానే సాగుతోంది. ఇనోకే మాత్రం ఖాళీ సంచుల దొంతర పట్టుకుని ఒడ్డునే నిలబడిపోయాడు.

"ఇంకేం, మంచిదేగా!" అంది శలేష్ని. "ఒడ్డు శుభ్రమైంది. మనకు కావలసింది అదే."

"నాకు కావలసింది సంచులు నిండడం! ఖాళీ సంచి పక్కన నిలబడితే ఎలా ఉంటాను? సంచులమ్ముకునేవాడిలా ఉంటాను." అని ఆగి, "మన క్యాంటీన్ వెనకాల చెత్త పేరుకుపోయి ఉంది కదూ?" అన్నాడు.

శలేష్ని అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు ఆలోచిస్తున్నది నేననుకుంటున్నదే అయితే, నాతో చెప్పకు."

"తెస్తాం, చల్లుతాం, మళ్లీ ఏరేస్తాం. ఎవరికి నష్టం?"

"చెప్పొద్దన్నానా!"

కడుపు నొప్పిగా ఉందనీ, కాసేపు గాలికి తిరిగొస్తాననీ పెద్దలకు చెప్పి ఇనోకే ట్రక్కెక్కాడు. కాలేజీ దగ్గరే. పెద్ద పెద్ద నల్ల సంచులతో తిరిగొచ్చి, ఊరికి కనబడకుండా ఒడ్డు చివర, మడచెట్ల అవతల వాటి మూతులు విప్పాడు. అన్నం పొట్లాలు, నూడుల్స్ గిన్నెలు, శీతల పానీయాల సీసాలు. చల్లడంలో కూడా ఒక పద్ధతి ఉండాలని రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. సహజంగా లేదనిపించి, సీసాల్ని కొంచెం దూరం విసిరాడు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. నీళ్లు కూడా ఒడ్డెక్కడం మొదలుపెట్టాయి. తేలికైనవన్నీ సముద్రంలోకి, బరువైనవన్నీ ఊరివైపూ బయలుదేరాయి. పర్యావరణ సంఘం అధ్యక్షుడు మోకాలి లోతు నీళ్లలో నూడుల్స్ గిన్నెల వెంట పరిగెత్తాడు.

"బాబూ!" అన్న కేకకు వెనక్కి తిరిగితే, మాకెలెసి బూబూ. చేతిలో జామాకు కషాయం చెంబు.

"కడుపునొప్పన్నావని కాచి తెచ్చాను. అయ్యయ్యో, ఇదంతా ఏంటి! ఎవరు పోశార్రా మా ఒడ్డున? అంత నొప్పితోనూ ఏరుతున్నావా, నా తండ్రే!"

ఇనోకే నోరు తెరిచాడు. నిజం నాలిక దాకా వచ్చింది. బూబూ ఆ తెరిచిన నోట్లో కషాయం పోసింది. అది మింగేసరికి నిజం కూడా దాంతోపాటే లోపలికి పోయింది.

"తెలీదు బూబూ. అటునుంచి కొట్టుకొచ్చిందేమో," అని ఏదో ఒక దిక్కుకు చెయ్యి చూపించాడు.

ఆ దిక్కున నాదోలో ఊరుంది. పోయిన ఏడు రగ్బీ ఫైనల్లో చివరి నిమిషం పాయింటు చెల్లిందా లేదా అని ఆ రెండు ఊళ్లకూ ఇంకా తెగలేదు. పెళ్లిళ్లలో కూడా విడివిడి చాపల మీద కూర్చుంటారు.

బూబూ గౌను ఎత్తిపట్టుకుని సభా భవనానికి పరిగెత్తింది. "నాదోలోవాళ్లు చెత్త పోశార్రోయ్! పేపరువాళ్ల ముందు మన తల దించాలని!"

మొగాళ్లంతా యంగోనా చిప్పలు కింద పెట్టి లేచారు. సైరూసి ఫోను తీసి నాదోలో పెద్దను అడగవలసినవీ, అడగకూడనివీ అన్నీ అడిగేశాడు. అవతలాయన రగ్బీ సంగతి ఎత్తాడు. సైరూసి ఆయన తండ్రి సంగతి ఎత్తాడు. కాసేపటికి రెండు పడవల నిండా నాదోలో జనం వచ్చి ఒడ్డున దిగారు. ఎవరి చేతుల్లోనూ దండలు లేవు. ఫోటోగ్రాఫరు కూడా అప్పుడే వచ్చాడు. చెత్త ఫోటో అని నిద్రమొహంతో బయలుదేరినవాడు, ఆ గుంపుల్ని చూసి కెమెరా గబగబా బయటికి తీశాడు.

"ఇనోకే," అంది శలేష్ని, చాలా నెమ్మదిగా. "తెడ్లు పైకి లేస్తున్నాయి."

ఒక తెడ్డు నిజంగానే లేచింది. ఇనోకే రెండు గుంపుల మధ్యకు దూకాడు. తరవాత ఎవరైనా ధైర్యవంతుడివి అంటే, తాను దూకలేదనీ, వెనకనుంచి శలేష్ని తోసిందనీ చెప్పేవాడు.

"నేను పోశాను!" అని అరిచాడు.

అందరూ ఆగారు.

"మా కాలేజీ చెత్త. నేనే తెచ్చాను, నేనే చల్లాను. మీరు ముందే ఊడ్చేశారు, ఏరడానికి నాకేమీ మిగల్లేదు. ఫోటో పోతుందని భయపడ్డాను. కడుపునొప్పి కూడా అబద్ధమే." ఊపిరి తీసుకుని, "ఇప్పుడు మాత్రం నిజంగానే వస్తోంది," అన్నాడు.

తెడ్డు పట్టుకున్న నాదోలో మనిషి సైరూసి వంక చూశాడు. సైరూసి అతని వంక చూశాడు. రగ్బీ పాయింటు దగ్గర కలవని చూపులు అక్కడ కలిశాయి. ముందెవరు నవ్వారో తెలియదు గాని, కాసేపటికి ఇసకలో కూలబడి నవ్వనివాడు లేడు. ఇనోకే ఒక్కడే ఏడుపు మొహంతో నిలబడ్డాడు.

"ఇంట్లో చెత్త ఎక్కువైతే మాతో చెప్పాలి గానీ, మోసుకొచ్చి మా ఒడ్డున పోస్తావట్రా?" అని బూబూ చీపురు ఎత్తింది. ఫోటోగ్రాఫరు నొక్కింది అప్పుడే. ఆ తరవాత రెండు ఊళ్లూ కలిసి చెత్త ఏరాయి. పడవలు తిప్పి సముద్రంలో తేలుతున్న గిన్నెల్ని పట్టుకొచ్చాయి. ఇనోకే చేత సంచులన్నీ మోయించాయి.

సంచి కడుతూ బూబూ అడిగింది, "మీ కాలేజీలో ఇలాంటిది ఇంకా ఉందా?"

"చాలా ఉంది బూబూ."

బూబూ ఆడవాళ్లవైపు తిరిగి, "విన్నారా? పాపం, పిల్లలు ఎలా ఉంటున్నారో!" అంది.

ఆదివారం పేపర్లో ఫోటో పడింది. సోమవారం ప్రిన్సిపాల్ గారు ఇనోకేని పిలిచి, ఇలాంటి మంచి పని కాదు తానడిగిందన్నారు. గది తాళంచెవి కూడా అడిగేవారే గాని, ఆ తరవాతి శనివారం పొద్దున్నే కాలేజీ గేటు ముందు ట్రక్కులు ఆగాయి. వైమోలి, నాదోలో ఆడవాళ్లు చీపుళ్లతో దిగారు. మధ్యాహ్నానికి క్యాంటీన్ వెనక, హాస్టల్ కింద, ప్రిన్సిపాల్ గారి కిటికీ అవతల కూడా నేల కనబడింది. అక్కడ నేల ఉందని మాలో చాలామందికి అప్పుడే తెలిసింది. చివరికి ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసమిచ్చి, పర్యావరణ సంఘంలో చేరదలచినవాళ్లు చెయ్యెత్తమన్నారు. అమ్మమ్మలంతా ఎత్తారు. వెంటనే ఎన్నిక పెట్టారు. ఈసారి అధ్యక్ష పదవికి పోటీ ఉంది. మాకెలెసి బూబూ గెలిచింది.

ఉపాధ్యక్షుడిగానైనా ఉంచుతారా అని ఇనోకే అడిగితే, నాదోలోవాళ్లతో మాట్లాడి చెబుతానంది.