బంతి లేని ఆట

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన ఆటలన్నింటిలోకీ అమెరికన్ ఫుట్‌బాల్ అత్యంత ఉదాత్తమైనదని సౌదీలో, దమ్మామ్‌లోని ఒక పైపుల మరమ్మతు కంపెనీలో ఒకానొక ఆదివారం ఉదయం టీ వేళకు ఏకగ్రీవంగా తేలిపోయింది! అంతకుముందు గురువారం ఆఫీసు మూసేదాకా ఆ బంతి గుండ్రంగా ఉంటుందనే అందరి నమ్మకం. రెండురోజుల సెలవులో ఇంత జ్ఞానోదయం కలగడానికి కారణం ఒక్కటే. కొత్త జనరల్ మేనేజరుగా డ్వేన్ హాల్సీ అనే అమెరికన్ వస్తున్నాడనీ, పూర్వాశ్రమంలో ఆయన ఆ ఆటే వృత్తిగా ఆడినవాడనీ, అందులోనూ డిఫెన్స్ ఆటగాడనీ హెచ్.ఆర్. ఆఫీసరు మస్తాన్ వలీ అందరికీ మెయిలు పెట్టాడు.

ఆ సాయంత్రం, కంపెనీ పనివాళ్లుండే క్యాంపు వ్యవహారాలు చూసే స్వామి ఆఫీసునుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే హాలు మధ్యలో మోకాళ్లు వంచి, ఒక చెయ్యి నేలకు ఆనించి, తల పైకెత్తి నిలబడ్డాడు.

"ఏమైంది? నడుం పట్టిందా?" అంది సృజన వంటింట్లోంచి తొంగిచూసి.

"ఇది స్టాన్స్. డిఫెన్సోళ్లు గిట్లనే నిలబడుతరు. కొత్త సార్ ఇయ్యాల్నే వచ్చిండు, అందర్నీ అడిగిండు, ఏమన్న ఆడేటోళ్లా అని. నేను కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన అని చెప్పిన."

"ఏ కాలేజీల?"

"జగిత్యాల డిగ్రీ కాలేజీల!"

సృజన చదివిందీ ఆ కాలేజీలోనే. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి అటుంచి, ఉత్త ఫుట్‌బాల్‌కు కూడా గోలుపోస్టు ఒక్కటే ఉండేది. దానిమీద హాస్టలు పిల్లలు లుంగీలు ఆరేసుకునేవాళ్లు. స్వామి అక్కడ ఆడింది కబడ్డీ. ఎడమ మూల ఆయనది. ఆ మూలకు పోయిన కోరుట్ల రైడర్లూ మెట్‌పల్లి రైడర్లూ తమ కాళ్లతో తాము తిరిగి వచ్చేవారు కాదని ప్రతీతి. పెళ్లిచూపుల్లో ఉద్యోగం కంటే ముందు ఈ సంగతే చెప్పారు. కుడిచేతి ఉంగరపు వేలు వంకర తిరిగి ఉండటం కూడా లోపంగా కాక అర్హతగానే చూపించారు.

"కబడ్డీ అని చెప్తే అయిపోవు గద?" అంది సృజన.

"నీకు తెల్వది. కబడ్డీ అంటే క్యాంపోళ్ల ఆట. ముదీర్ కావాలనుకునేటోడు ఎవడన్న దాని పేరెత్తుతడా?"

ముదీర్ అంటే మేనేజరు. క్యాంపు, లాజిస్టిక్స్ మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీతోపాటు కుటుంబానికి ఇల్లు, ఇకామాల (నివాస అనుమతుల) ఖర్చు కంపెనీవే. అది రాకపోతే పాప పరీక్షలవగానే తల్లీకూతుళ్లిద్దరికీ ఇక తిరిగిరాకుండా ఎగ్జిట్ వీసా కొట్టించి, తాను ఒంటరిగా ఉండిపోతానని స్వామి అప్పటికే చెప్పేశాడు. ముగ్గురూ ఒక కప్పు కింద ఉండటమనేది ఇప్పుడు ఆ కుర్చీమీద ఆధారపడి ఉంది. అందుకని సృజన వాదించలేదు. ఆయన నేలమీంచి లేవడానికి చెయ్యి మాత్రం అందించింది.

మరుసటి వారానికి స్వామి తన ప్రతిభకు అడ్డొచ్చే ఆనవాళ్లను తొలగించే పనిలో పడ్డాడు. క్యాంపు మెస్సు గోడమీద ఆయన సంతకంతో ఒక సర్క్యులర్ వెలిసింది. "ఊపిరి బిగబట్టి పరుగెత్తుట, ఇతరుల అవయవములు పట్టుకొనుట, ఇసుకలో దొర్లుట భద్రతా నియమములకు విరుద్ధము. కబడ్డీ అనబడు సంస్కారము లేని ఆట తక్షణమే నిషేధించడమైనది." క్యాంపు వెనక మైదానంలో సున్నంతో గీసిన గీతలను నీళ్ల ట్యాంకరుతో కడిగించారు. ఊపిరి బిగబట్టి, ఇతరుల అవయవాలు పట్టుకుని, ఇసుకలో దొర్లే సంస్కారవంతమైన ఆటకు ఆ స్థలం అవసరమైంది మరి!

ఆ సాయంత్రమే భూమేష్ ఇంటికి వచ్చాడు. అతను పరంజాలు కట్టే పనివాడు. స్వామి ఊరే, స్వామి దగ్గరే కబడ్డీ నేర్చుకున్నవాడు. చెప్పులు బయట విడిచి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"శుక్రవారం నాడు మాకు గదొక్కటే ఉండె గదనే స్వామన్నా. నువ్వు నేర్పిన ఆటనే గద?"

"నేను నీకేం నేర్పలే. ఇంకో మాట, భూమేష్. ఈడ అన్న లేడు, సార్ ఉన్నడు. సార్ అను."

భూమేష్ సృజనవైపు చూశాడు. "పోయొస్త వదినా," అని, ఒక క్షణం ఆగి, "పోయొస్త సార్," అని దిగి వెళ్లిపోయాడు. టీ కప్పు సృజన చేతిలోనే మిగిలింది.

హాల్సీ భోజనానికి వచ్చిన రోజు మస్తాన్ వలీ కూడా వచ్చాడు. పిలిచారా అంటే, పిలవలేదు. కడప జిల్లా మనిషి, పిలవకపోయినా నొచ్చుకోని మంచి మనసు ఆయనది. హాల్సీ తలుపు పట్టనంత మనిషి. ఎడమ మోకాలు వంగదు. కాలు బారజాపుకుని కూర్చుంటే ఆ కాలును దాటుకుంటూ సృజన వడ్డించాల్సి వచ్చింది.

"సార్, మీరు ఎన్నో గోల్స్ కొట్టి ఉంటారు!" అన్నాడు మస్తాన్ వలీ ఇంగ్లీషులో.

"ఒక్కటీ లేదు," అన్నాడు హాల్సీ. "తొమ్మిదేళ్ల వృత్తిలో బంతి ఒక్కసారి నా చేతికొచ్చింది. జారిపోయింది."

మహా చమత్కారం విన్నట్టు స్వామీ, మస్తాన్ వలీ పగలబడి నవ్వారు. సృజన నవ్వలేదు. పప్పు గరిటె పట్టుకునే అడిగింది: "మరి తొమ్మిదేళ్లూ మీరేం చేశారు?"

హాల్సీ తినడం ఆపాడు.

"ఎదురుగా నాకంటే బరువైనవాడు ఉంటాడు. వాణ్ణి గుద్ది, తోసుకుని, బంతి ఉన్నవాణ్ణి పడెయ్యాలి. లేచి మళ్లీ అదే పని. సరిగ్గా చేస్తే కెమెరా పడినవాడి మొహం చూపిస్తుంది. తప్పితే మాత్రం నా పేరు మైకులో చెప్పి, నా తప్పు నెమ్మదిగా మూడుసార్లు చూపిస్తారు. జనమంతా బంతినే చూస్తారమ్మా. నేను బంతి లేని చోట పనిచేసేవాణ్ణి." మోకాలు నిమురుకున్నాడు. "సూదులు వేయించుకుని ఆడాను. ఒక ఎండాకాలం నాకంటే పదేళ్లు చిన్నవాణ్ణి తెచ్చారు. నన్ను గదిలోకి పిలిచి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. మా దగ్గర షేక్‌హ్యాండ్ ఇచ్చారంటే అయిపోయినట్టే. తర్వాత పైపుల పనిలోకి వచ్చాను. పైపులు తిరిగి గుద్దవు."

"ఎంత గొప్ప వైభవం సార్!" అన్నాడు మస్తాన్ వలీ.

అప్పుడు హాల్సీ కళ్లు స్వామి ఉంగరపు వేలిమీద పడ్డాయి. తన చెయ్యి పక్కన పెట్టాడు. అదే వేలు, అదే వంకర! "డిఫెన్స్ ఆడినవాడి వేలు ఇది. ఎక్కడ విరిగింది?"

సృజన నోరు తెరిచింది.

"ఫుట్‌బాల్, సార్. అమెరికన్," అన్నాడు స్వామి.

హాల్సీ ముఖం పరాయి ఊళ్లో సొంత చుట్టం కనబడినట్టు వెలిగిపోయింది. తన దగ్గర హెల్మెట్లున్నాయనీ, వచ్చే శుక్రవారమే ఆట పెడదామనీ, డిఫెన్స్ స్వామి చూసుకోవాలనీ అక్కడికక్కడే తీర్మానించాడు.

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఆట మొదలైంది. కుటుంబాలకు ఒక పక్క షామియానా, కుర్చీలు. క్యాంపు వాళ్లకు ఇంకో పక్క ఎండ. హెల్మెట్లు పెట్టుకున్న మేనేజర్లందరూ బంతి విసిరే స్థానమే కావాలన్నారు. బంతి పట్టుకుని పరుగెత్తే స్థానం ఒక్కరూ కోరలేదు. పరుగెత్తేవాణ్ణి గుద్దుతారని అందరూ వీడియోల్లో చూసే ఉన్నారు. చివరికి ఆ గౌరవాన్ని పెద్దమనసుతో క్యాంపు వాళ్లకు వదిలేశారు. భూమేష్‌ను పిలిచి బంతి చేతిలో పెట్టారు. బొప్పాయికాయలా ఉన్న దాన్ని అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని పట్టుకోని ఆ పక్కకు పరుగెత్తప్పా, అంతే!" అన్నాడు మస్తాన్ వలీ, తాను ఎదుటి జట్టులో భద్రంగా వెనక నిలబడి.

భూమేష్ వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాడు. బంతిని చంకలో ఇరికించుకున్నాడు. ఊపిరి పీల్చి, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటాడు! క్వాలిటీ మేనేజరు తలమీది హెల్మెట్‌ను తట్టాడు. మస్తాన్ వలీ భుజాన్ని తట్టాడు. తట్టి, చటుక్కున వెనక్కి తిరిగి తన గీతవైపే పరుగు తీశాడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అంతకంటే తెలివితక్కువ పని లేదు. కానీ స్వామికి ఆ క్షణాన అమెరికా గుర్తులేదు. రెండు పాయింట్లు పోతున్నాయి! ఎడమ మూలలో ఒక మోకాలిమీద కూర్చున్నాడు. క్వాలిటీ మేనేజరు చెయ్యి గొలుసులా అందుకున్నాడు. ఇసుకమీద జారి, భూమేష్ చీలమండను రెండు చేతుల్లో బిగించాడు. భూమేష్ గీతకు జానెడు దూరంలో బోర్లాపడ్డాడు. బంతి దొర్లుకుంటూ వెళ్లి హాల్సీ కాళ్ల దగ్గర ఆగింది. దానివైపు ఎవరూ చూడలేదు.

"స్వామన్న పట్టిండురా!" క్యాంపు మొత్తం ఒక్కసారిగా అరిచింది.

హాల్సీ కుర్చీ చేతులు పట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. కుంటుకుంటూ సూటిగా సృజన దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు సరైన ప్రశ్న వేసింది మీరొక్కరే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ పట్టు మా ఆటలోది కాదు. ఆయన ఎక్కడ నేర్చుకున్నాడు?"

ఆయన భుజం వెనకనుంచి స్వామి హెల్మెట్ ఊచల్లోంచి చూస్తూ వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. సృజనకు పాప బడిసంచీ కనబడింది, ఎగ్జిట్ కనబడింది. కూరలో ఉప్పు తగ్గిందని చుట్టాల ముందే ఒప్పుకునే మనిషి, నోరు తెరిచి చెప్పింది:

"కాలేజీలో. అమెరికన్ ఫుట్‌బాల్."

"ఓహో," అన్నాడు హాల్సీ. ఒక్క క్షణం ఆమెను చూసి, వెనక్కి తిరిగి స్వామికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. తర్వాత క్యాంపు వాళ్ల మధ్యకు వెళ్లి, బోర్లించిన బకెట్‌మీద కాలు బారజాపుకుని కూర్చున్నాడు. ఈ కబడ్డీలో బంతి లేదా? లేదు. పేరెవరికి? పట్టినోనికి! భూమేష్ చేతులతోనూ, వచ్చీరాని ఇంగ్లీషుతోనూ చెబుతుంటే, ఆయన ఆలస్యంగా సొంతూరు చేరినవాడిలా వింటూ ఉండిపోయాడు.

దారిలో కారు నడుపుతూ స్వామి, "చూసినవా సృజనా, షేక్‌హ్యాండ్ ఇచ్చిండు!" అన్నాడు.

షేక్‌హ్యాండ్ గురించి భోజనాలప్పుడు హాల్సీ ఏం చెప్పాడో మనసుపెట్టి విన్నది సృజన ఒక్కతే.

ఆదివారం ఉదయం టీ వేళకు, మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన ఆటలన్నింటిలోకీ కబడ్డీయే అత్యంత ఉదాత్తమైనదని ఏకగ్రీవంగా తేలిపోయింది! శుక్రవారాలు మళ్లీ క్యాంపువే. క్యాంపు మనుషులనూ వాళ్ల ఆటనూ ఎరిగినవాడికే మేనేజరు కుర్చీ ఇస్తానని హాల్సీ ప్రకటించాడు. ప్రొద్దుటూరులో తాను జిల్లా స్థాయిలో ఆడానని మస్తాన్ వలీ వెంటనే కంటతడి పెట్టుకుని గుర్తుచేసుకున్నాడు. అకౌంట్స్‌లోని ఈజిప్టు ఆయన ఆ ఆట పుట్టిందే నైలునది ఒడ్డున అన్నాడు. ఆఫీసులో నిజంగా కబడ్డీ ఆడినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన హాల్సీ గదిలోకి వెళ్లి ఆ ముక్క చెబితే, "మీ భార్య ఫుట్‌బాల్ అన్నారే!" అన్నాడు హాల్సీ. "సరే, మీరు ఆడగా చూసినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురండి."

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ క్యాంపుకు వెళ్లారు. భూమేష్ సృజనకు స్టూలు తుడిచి వేశాడు. ఇద్దరికీ టీ ఇచ్చాడు.

"భూమేష్, రేపు హాల్సీ సార్ ముందట ఒక్క మాట చెప్పాలె. ఊర్ల అన్న కబడ్డీ ఆడెటోడని."

"ఏ అన్న సార్?"

స్వామి టీ గ్లాసులోకి చూశాడు.

"ఈడ అన్న లేడు, సార్ ఉన్నడని మీరే అంటిరి," అన్నాడు భూమేష్ ఎంతో వినయంగా. "సంస్కారం లేని ఆట అని మీ సంతకంతోటి మెస్సు గోడకున్నది సార్, ఇంక తియ్యలే. అసొంటి ఆట సార్ ఆడిండని నేనెట్ల చెప్త? మీ ఇజ్జత్ పోదా?"

స్వామి సృజనవైపు చూశాడు, నువ్వన్నా చెప్పు అన్నట్టు. ఆమె చెప్పవలసింది శుక్రవారమే చెప్పేసింది.

ప్రొద్దుటూరునుంచి సర్టిఫికెట్ తెప్పించి చూపిన మస్తాన్ వలీకి కుర్చీ వచ్చింది. ఆయన అధ్యక్షతన జరిగిన మొదటి పోటీలోనే "బంతి యాడ పెట్టినార్రా?" అని కేకలేశాడని చెప్పుకున్నారు. పరీక్షలు కాగానే సృజన, పాప ఎగ్జిట్ మీద జగిత్యాల చేరారు. ఇల్లు ఖాళీ చేసి స్వామి క్యాంపులోకి మారాడు. కంపెనీ ఇచ్చిన గది భూమేష్ గది పక్కనే. మొదటి శుక్రవారం ఆయన ఇస్త్రీ చొక్కాతో సున్నపు గీత బయట నిలబడితే, భూమేష్ దగ్గరికొచ్చి అడిగాడట: "అన్నవైతే లోపటికి రా. సార్‌వైతే కుర్చీ తెస్త."

ఏం జవాబు చెప్పాడో స్వామి ఫోనులో చెప్పలేదు.

ఆ తర్వాతి శుక్రవారం సృజనే వీడియో కాల్ చేసింది. పక్కన అత్త చిన్నవ్వ, చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు ఉన్నారు. కొడుకు మేనేజరయ్యాడని చిన్నవ్వకు తెలుసు. స్వామే చెప్పాడు. తెరమీద స్వామి చెంపలకు ఇసుక, చిటికెన వేలికి కొత్త కట్టు.

"వేలికేమైంది?" అంది సృజన.

స్వామి తెరలో అందరినీ చూసి గొంతు సవరించుకున్నాడు. "ఏంలేదు, టేబుల్ సొరుగుల పడ్డది. మీటింగుల ఉన్న, తర్వాత చేస్త."

"స్వామన్నా, జల్ది రావే! రైడుకొస్తున్నరు!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. తెర నల్లబడింది. కాల్ కట్ చెయ్యడం మరిచి ఫోను జేబులో వేసుకున్నట్టున్నాడు.

"ఏమంటుండు?" అంది చిన్నవ్వ.

"మీటింగట," అంది సృజన.

చిన్నవ్వ ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఇసుకలో అడుగుల చప్పుడు, ఎగశ్వాస, కబడ్డీ కబడ్డీ కబడ్డీ, దబ్బున ఎవరో పడిన శబ్దం, ఆపైన పెద్ద కేక. అంతా విని, ఫోను కోడలి చేతిలో పెట్టింది.

"పెద్ద మీటింగే," అంది. "మనోడు ఎడమ మూలకే కూసున్నట్టున్నడు."