బార్డోలీలో మారిపోయిన అవ్వ

గుజరాత్‌లోని గోడాదరాలో పన్నెండేళ్లుగా మగ్గాల మీద పనిచేస్తున్న పరమేశ్వర్, చలికాలంలో ఊరి నుంచి వచ్చే తల్లి వెంకటవ్వకు ఏటా సాపుతారా కొండ చూపిస్తానని మాట ఇస్తాడు, ఏటా తప్పుతాడు. ఈసారీ సోమవారం ఆమె ఊరికి రైలెక్కాలి. అందుకే ఈ ఆదివారం స్నేహితుడి తెల్ల వ్యాను అడిగి తెచ్చాడు. భార్య పద్మారాణి పులిహోర కట్టింది. వెంకటవ్వ తల నిండా శాలువా కప్పుకుని వెనక సీట్లో కూర్చుంది. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాలి.

బార్డోలీలో చెరుకురసం తాగడానికి ముగ్గురూ దిగారు. అక్కడ తెల్ల వ్యాన్లు నాలుగైదు ఆగి ఉన్నాయి. వెంకటవ్వ తాగడం ముగించి, చలికి తట్టుకోలేక ముందే వ్యాను వైపు వెళ్లింది. కాసేపటికి మిగతా ఇద్దరూ వచ్చి చూస్తే వెనక సీట్లో శాలువా ముసుగు గురక పెడుతోంది.

"పండనీ, కొండ కాడ లేపుదాం" అని పరమేశ్వర్ బండి తీశాడు.

గంట తర్వాత వెనక నుంచి "ఆపణే క్యాఁ ఆవ్యా?" అని వినబడింది. ఎక్కడికొచ్చాం అని గుజరాతీలో అడగడం.

"సూసినవా! నెల దినాలల్ల అవ్వకు గుజరాతీ వచ్చింది" అన్నాడు పరమేశ్వర్ మురిసిపోతూ.

పద్మారాణి వెనక్కి తిరిగి కెవ్వుమంది. "ఓ అయ్యా, బండి ఆపు! గీమె మా అత్తమ్మ గాదు!"

ఎవరో గుజరాతీ బామ్మ, తమ వ్యాను అనుకుని ఎక్కేసింది. పరమేశ్వర్ బండి పక్కకు ఆపాడు. తల్లికి ఫోన్ చేస్తే అది పులిహోర సంచిలోనే మోగింది. బామ్మకు ఇంట్లోవాళ్ల నంబర్లు తెలియవు. వ్యాను మళ్లీ బార్డోలీకి తిరిగింది.

"మా అమ్మ తప్పిపోయింది, చూశారా?" అని పరమేశ్వర్ రసం బండివాణ్ణి హిందీలో అడిగాడు. అతను వ్యానులోకి చూసి, "అదిగో, కూర్చునే ఉందిగా" అన్నాడు.

"ఆమె మా అమ్మ కాదు!"

ఆ మాట అక్కడున్నవాళ్లందరికీ వినబడింది. కన్నతల్లిని కాదంటున్నాడని ఒకడు, రోడ్డు మీద వదిలెయ్యడానికే తెచ్చాడని ఇంకొకడు తగులుకున్నారు. నలుగురూ కలిసి అతన్ని పోలీసు చౌకీకి నడిపించారు. వెనకే పద్మారాణి, పులిహోర గిన్నెతో బామ్మ.

"వీడు నీ కొడుకేనా?" అని పోలీసు అడిగాడు. వినికిడి అంతంత మాత్రమైన బామ్మ పరమేశ్వర్‌ను ఆప్యాయంగా చూసి, "సారో ఛోకరో ఛే" అంది. మంచి పిల్లాడు అని. పరమేశ్వర్ నెత్తి పట్టుకున్నాడు.

పద్మారాణి బామ్మ చెవి దగ్గర గట్టిగా అరిచి అరిచి, అడాజన్‌లో వాళ్లుండే అపార్ట్‌మెంట్ సొసైటీ పేరు రాబట్టింది. పోలీసు ఫోన్ చేస్తే అక్కడి వాచ్‌మన్ బామ్మ కొడుకు నంబరిచ్చాడు. ఆ కొడుకు సాపుతారాలో రోడ్డు మీద నిలబడి, వచ్చే ప్రతి తెల్ల వ్యానునూ ఆపుతున్నాడట. సగం దారిలో సంగతి తెలిసి వెనక్కి తిరగబోతే, నా కొడుకూ కొండకే వస్తాడు, పోనివ్వండి అని వెంకటవ్వ సైగలతో పట్టుబట్టిందట.

అతను కొండ మీది చెరువు గట్టుకు పరుగెత్తి, తన పిల్లలతో ఉన్న ఆమె చేతికి ఫోన్ ఇచ్చాడు.

"ఏడున్నవ్‌రా పరమేశా? నేను పడవల ఉన్న. గీ పోరగాండ్లు దిగనిస్తలేరు."

"అవ్వా, నేను పోలీస్ చౌకీల ఉన్న" అన్నాడతను.

"నీకు తిరుగుడు తప్ప పనే లేదు" అని ఆమె పెట్టేసింది.

చీకటి పడే వేళకు బామ్మ కొడుకు వ్యాను బార్డోలీకి వచ్చింది. వెంకటవ్వ ఎర్ర టోపీతో దిగింది. పరమేశ్వర్ పరుగున వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆమె అతని తల నిమిరి, "కొండ నిజంగనే ఉన్నది బిడ్డా! ఇన్నేండ్లు నువ్వు ఉత్తగనే చెప్తున్నవ్ అనుకున్న" అంది.

పై ఆదివారం పొద్దున్నే అడాజన్ నుంచి ఫోన్ వచ్చింది: బామ్మ బట్టలు సర్దుకుని, పరమేశ్వర్ వ్యాను కోసం గేటు దగ్గర కూర్చుందట.