గామా కిరణాలు, తదితరులు

మదనపల్లె పేరు రెండేళ్లలో ప్రపంచ అణుశాస్త్ర రంగమంతా మారుమోగేలా చేస్తామని మా నాయకుడు మునికృష్ణప్ప గారు టమోటా మార్కెట్ యార్డులో ప్రకటించారు. అప్పుడాయన రెండు క్రేట్ల మీద నిలబడి ఉన్నారు. విలేకరిగా పద్దెనిమిదేళ్లలో ఎన్నో ప్రకటనలు రాశాను గానీ, చెప్పిన గడువులో నిజమైంది ఇదొక్కటే.

ఆయనకు శాస్త్రాభిమానం కలగడానికి కారణం వసుధ. పుంగనూరులో ఆయన చైర్మన్‌గా ఉన్న కాలేజీలో ఆమె ఫిజిక్స్ కాంట్రాక్టు లెక్చరర్. నిమ్మనపల్లె మట్టినీ సదుం మట్టినీ డబ్బాల్లో నింపి, వాటిలోంచి గామా కిరణాలు ఎంత దాటిపోతాయో నాలుగేళ్లు కొలిచింది. ఆ పేపరును విదేశీ జర్నల్‌కు పంపాలంటే చైర్మన్ సంతకం కావాలి. కుప్పంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పర్మనెంటు ఉద్యోగం ఉంది, మొదటి పేరు తనదిగా ఒక్క పేపరైనా ఉంటేనే అది దక్కుతుంది. ఇదంతా ఆమె ఆయనకు విడమరిచి చెప్పింది. అదే ఆమె చేసిన పొరపాటు.

ఆయన పేపరును అటూ ఇటూ తిప్పి చూశారు.

“యాలమ్మా, పైన ఒక్క పేరే ఉండాది?”

“పని చేసింది నేనొక్కదాన్నే అన్నా.”

“ఒక్క ఫోటోతో ఫ్లెక్సీ ఏస్తే పార్టీ నిలబడ్తాదా?”

పేర్ల వరుస మీద పార్టీ ఆఫీసులో సమావేశం జరిగింది. మొదట ఆయన, తర్వాత ఆయన తమ్ముడు, ఆ తర్వాత మండల నాయకులు. మా మట్టి లేకుంటే పరిశోధన యాడిదని నిమ్మనపల్లె వెంకటేష్ నిలదీశారు. మట్టి ఎవరిదైనా సీనియారిటీ తనదేనని సదుం గంగులయ్య పట్టుబట్టారు. ఇద్దరి పేర్లూ ఒకే లైన్లో వేసే షరతు మీద రాజీ కుదిరింది. వసుధది ఇరవై ఏడో పేరయింది.

నా పేరు ముందు లేకుంటే ఉద్యోగం రాదన్నా అని ఆమె బతిమాలింది.

“నువ్వు మన ఇంటి బిడ్డవి. ఇంట్లోవాళ్లు కడాన గదమ్మా బోంచేసేది,” అన్నారాయన. అంత ఆప్యాయంగా చెబితే ఎవరు మాత్రం కాదంటారు? పైగా సంతకం ఆయనది.

పేపరు అచ్చయింది. సైటేషన్లు రావడం మొదలైంది. అవేమిటని నాయకుడు నన్నడిగారు. మన మాటను ఎవరో తమ మాటకు ఆధారంగా చూపించడమని చెప్పాను. ముప్పై ఏండ్లుగా మాట్లాడుతున్నా తన మాటను ఎవరూ అలా చూపించలేదే అని ఆయన నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. పోలండ్ వాళ్లు చూపించారు, బ్రెజిల్ వాళ్లు చూపించారు. రెండేళ్లు తిరిగేసరికి అరవై దాటాయి. అన్నింటిలోనూ ఒకటే తీరు: ‘మునికృష్ణప్ప, తదితరులు’. బస్టాండు ముందు ఫ్లెక్సీ వెలిసింది.

వాయిదాలు పడుతూ వచ్చిన కుప్పం ఇంటర్వ్యూ మొన్న జరిగింది. వసుధ ధైర్యంగానే వచ్చింది. అడిగేవాళ్లు ఫిజిక్స్ తెలిసినవాళ్లు, నాలుగు ప్రశ్నలు వేస్తే పని ఎవరిదో వాళ్లకే తెలిసిపోతుందని బయట బెంచీ మీద నాతో అంది. నేను తలూపాను. ఫోటో కోసం నన్ను అక్కడికి ఎవరు తీసుకొచ్చారో చెప్పడానికి నోరు రాలేదు.

యూనివర్సిటీ వాళ్లు అణుశాస్త్రంలో ఎక్కువ సైటేషన్లున్న స్థానిక నిపుణుడి కోసం గాలించి, మా నాయకుడినే ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోబెట్టారు. ముందున్న కాగితంలోని మొదటి ప్రశ్నను ఆయన నిదానంగా చదివారు.

“మొదటి పేరు నీదిగా ఎన్ని పేపర్లు ఉండాయమ్మా?”



“ఒకటీ లేదు సార్.”

ఆయన మనసు కరిగిపోయింది. ఆ బాధలో నటన లేదు, నేను దగ్గర్నుంచి చూశాను.

“ఇంత సదువుకోనుండావు. ఒక్కటన్నా రాసుకోకూడదా తల్లీ?” అంటూ మార్కుల గడిలో సున్నా వేశారు.

 నేను ఫోటో తీశాను. వార్త కూడా నేనే రాశాను. చివరి వాక్యం ఎప్పటిలాగే వచ్చింది: ‘ఈ ఇంటర్వ్యూలలో అణుశాస్త్ర నిపుణులు మునికృష్ణప్ప, తదితరులు పాల్గొన్నారు.’