మా వంటింట్లో ఐదో నంబరు పరుగుబాట

మా వంటింట్లోంచి పరుగుబాట వెయ్యబోతున్నారన్న శుభవార్త మంగళవారం పొద్దున్న పదకొండింటికి అందింది. ఆ సమయంలో నేనూ మా ఆయన గిలెమూ ఒకే గిన్నెలో కాఫీ తాగుతున్నాం. ఇంట్లో కాఫీ గిన్నెలు డజను ఉన్నాయి. కానీ పెళ్ళయి ఇరవై రెండు రోజులే అయిన ఇంట్లో రెండో గిన్నె కడగడం దండగ.

కవరు మీద లవెర్నాక్ మునిసిపాలిటీ ముద్ర. లోపల కాగితం చాలా మర్యాదగా ఉంది. "చారిత్రక లవెర్నాక్ పరుగుబాటల పథకంలో మీ నివాసం ఐదో నంబరు ఎర్ర బాట మీద ఉన్నందుకు మా అభినందనలు. వచ్చే ఆదివారం ప్రారంభోత్సవం. ఆ ఉదయం తొమ్మిది నుంచి మీ ఇంటి ఉత్తర ద్వారం, దక్షిణ ద్వారం తెరిచి ఉంచగలరు."

గిలెమ్ రెండుసార్లు చదివాడు.

"మైలీస్, ఉత్తర ద్వారమంటే వంటింటి తలుపు కదూ?"

"అవును. దక్షిణ ద్వారమంటే వంటింటి రెండో తలుపు."

"మరి మధ్యలో ఏముందట?"

"మనమే."

పాఠకులారా, మీలో చాలామంది ఇళ్ళు దారి పక్కన ఉంటాయి. కొందరివి దారి చివర ఉంటాయి. ఇంటి లోపలే దారి ఉన్న భాగ్యవంతులు మీలో ఎంతమంది? చెయ్యెత్తండి. ఎవరూ లేరు కదా. అందుకే ఈ వారం మీకు పరుగుబాటల గొప్పతనం గురించి చెప్పే అర్హత నాకు ఒక్కదానికే ఉంది.

ముందు ఈ భాగ్యం ఎలా పట్టిందో చెప్పాలి. పక్క ఊరికి ఆరు పరుగుబాటలున్నాయి. వాళ్ళది నాలుగువందల ఏళ్ళ ఊరు. మాది ఏడువందల ఏళ్ళ ఊరు. కాబట్టి మాకు ఏడు ఉండాలి. ఇందులో తప్పు పట్టడానికేముంది? వెంటనే ఒక కమిటీ వేశారు. కమిటీలో ఎనిమిదిమంది. ఆ ఎనిమిదిమందిలో పరిగెత్తే అలవాటున్న మనిషి ఒక్కడూ లేడు. పరిగెత్తేవాళ్ళని కమిటీలో వేస్తే కుదురుగా కూర్చోరు కదా.

వీళ్ళు కూర్చున్నారు. ఐదు మధ్యాహ్న భోజనాలపాటు కూర్చున్నారు. బాతు మాంసం, మేక జున్ను, ఎర్ర వైను, ఆపైన కాఫీ అయ్యాక ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. చారిత్రక పట్టణంలో మనుషులు పరిగెత్తితే చారిత్రక బాటల మీదే పరిగెత్తాలి! ఎవడో నిన్నగాక మొన్న వేసిన తారురోడ్డు మీద చెమటోడిస్తే ఊరి పరువేం కాను? మునిసిపాలిటీ బీరువాలోంచి రెండువందల ఏళ్ళ నాటి మ్యాపు తీశారు. దాని మీద రంగు పెన్సిళ్ళతో ఏడు గీతలు గీశారు. భోజనం బల్ల మీదినుంచి లేచి వెళ్ళి ఆ గీతలు నేల మీద ఎక్కడ పడ్డాయో చూసొద్దామని ఏ ఒక్కరికీ తోచలేదు. తోచినా ఆ వైను తర్వాత లేవలేరు.

ఆ మ్యాపులో బట్టలుతికే రేవు నుంచి పాత పిండిమర దాకా ఒక దారి నిటారుగా పోతుంది. మర మూతపడ్డాక ఆ దారిన పోయేవాళ్ళు లేక ముళ్ళపొదలు మొలిచాయి. అప్పుడు గిలెమ్ ముత్తాతగారి తండ్రి ఆ పొదలు కొట్టించి దాని మీదే ఇల్లు కట్టుకున్నాడు. పాపం ఆయనకి మ్యాపు చూపించినవాళ్ళు లేరు. మ్యాపుకి ఆయన ఇల్లు చూపించినవాళ్ళూ లేరు.

గిలెమ్ బుధవారం మునిసిపాలిటీకి వెళ్ళాడు. క్రీడలు, వారసత్వం రెండూ ఒక్క చేతిమీదుగా చూసే ఉపమేయరు కపదెవీల్ గారు ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టారు.

"మీ ఇల్లు నాకు తెలుసు బాబూ. ముచ్చటగా ఉంటుంది. కాకపోతే కొత్తది."

"నూట యాభై ఏళ్ళదండీ."

"అదే నేనూ అంటున్నా. బాట అంతకంటే పెద్దది. పెద్దవాళ్ళకి చోటివ్వడం మర్యాద కదా. మీ నాయనమ్మ నీకు నేర్పలేదా?"

గిలెమ్ ఇంటికొచ్చి నాకిదంతా చెప్పి, పెళ్ళి బహుమతిగా వచ్చిన రాగి మూకుడు వంక దిగులుగా చూశాడు. దాన్ని నేనే గోడకి తగిలించాను. పొద్దుటెండ సరిగ్గా తొమ్మిదింపావుకి దాని మీద పడితే వంటిల్లంతా నారింజ రంగులోకి మారిపోతుంది. ఇప్పుడా మూకుడు పక్కనే గోడ మీద ఎర్ర బాణం గుర్తు పడింది. పెయింటరు పాపం మంచివాడు. బాణం కాస్త వంకరపోయిందని దాని మీద ఇంకో బాణం వేశాడు. సింకు పక్కన ఇనప స్తంభం పాతారు. దాని మీద "5.2 కి.మీ." అని రాసుంది. ఇన్నాళ్ళూ గిన్నెలు కడుగుతూ నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు బాట మొదలయ్యే చౌరస్తా నుంచి కచ్చితంగా ఎంత దూరంలో ఉన్నానో తెలుస్తోంది. ఈ భరోసా ఎంతమంది గృహిణులకుంది చెప్పండి?

ఇక కొత్తగా పెళ్ళైన జంటకి పరుగుబాట చేసే మేలు అంతా ఇంతా కాదు. కొత్త జంటకి ఉండే పెద్ద ప్రమాదం ఏకాంతం. తలుపులు వేసుకుని రోజుల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటే మనుషుల్లో కలవడం మరిచిపోతారు. మాకా బెడద తీరిపోయింది. ప్రారంభోత్సవానికి ముందే బాట అలవాటు చేసుకోవడానికి గురువారం తెల్లవారుజాము నుంచి జనం మొదలయ్యారు. నేను నైటీలో గుడ్లు కొడుతుంటే నిమ్మపండు రంగు బిగుతు బట్టల్లో ఒకాయన లోపలికొచ్చాడు. ఆయన వెనక ఇంకో ముగ్గురు. చివరాయన మా గడప మీద బూటు లేసు కట్టుకున్నాడు. గిలెమ్ భుజానికి ఆనుకుని కట్టుకున్నాడు.

అందులో ఒక్కరూ బోంజూర్ అని పలకరించలేదు! నాకు వంటింట్లోంచి మనుషులు పోతున్నందుకు బాధ లేదు. బోంజూర్ అనకుండా పోతున్నందుకు ఉంది. మా ఊళ్ళో పంటినొప్పితో ఆస్పత్రికి వెళ్ళినా గదిలో ఉన్నవాళ్ళందరికీ బోంజూర్ చెప్పాకే మూలగాలి. అదే మాట ఐదో మనిషితో అంటే ఆవిడ ఆగకుండానే జవాబిచ్చింది. "ఊపిరి లెక్క తప్పుతుందమ్మా. అయినా ముందు మీరు చెప్పాలి. దారిలో ఉన్నది మీరు."

పరుగు యాపులో మా వంటిల్లు ఇప్పుడొక విడి భాగం. దానికి సొంత రికార్డు ఉంది. ఉత్తరపు గడప నుంచి దక్షిణపు గడపకి మూడు పాయింట్ ఎనిమిది సెకన్లు. దీన్ని సాధించింది ఊరి మందులషాపు ఆయన. గిలెమ్‌కి అదే దూరం దాటడానికి నలభై నిమిషాలు పడుతుంది. మధ్యలో పొయ్యి దగ్గర నేనుంటాను కదా. ఈ లెక్కన యాపులో ఆయనది ఆఖరి స్థానం. ఆయనకి ఇందులో సిగ్గేమీ లేదు. రికార్డు ఇంకా పెంచుతానంటున్నాడు.

జనం అభిప్రాయాలు కూడా రాస్తున్నారు. మా వంటింటికి రెండు నక్షత్రాలొచ్చాయి. "నేల జారుతోంది. ఉల్లిపాయ వాసన. ఇంట్లోవాళ్ళు సహకరించడం లేదు." ఆ రోజు నేను ప్లమ్ పళ్ళ కేకు చేసి కిటికీలో పెట్టాను. దానిక్కూడా విడిగా అభిప్రాయం వచ్చింది. "బావుంది, తీపి తగ్గించొచ్చు." తిన్నది ఎవరో ఇప్పటికీ తెలీదు.

ఇంత భాగ్యం ఎప్పటికీ మాదే అవుతుందా అంటే, దానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పరుగుల సంఘం వాళ్ళు గడియారం పట్టుకుని వస్తారు. రేపు ఆదివారం ప్రారంభోత్సవంలో తొలి బృందం ఎర్ర బాట మొత్తం గంటన్నరలో పూర్తి చేస్తే బాటకి గుర్తింపు దొరుకుతుంది. అంటే ఇకమీదట ఏడాది పొడవునా తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా మా తలుపులు రెండూ బార్లా తెరిచి ఉంచాలి. పూర్తి చెయ్యకపోతే బాట రద్దు. కమిటీ మళ్ళీ భోజనానికి కూర్చోవాలి. తొలి బృందంలో కపదెవీల్ గారు, మిగతా కమిటీ ఏడుగురు ఉన్నారు. వాళ్ళకోసమే ఆ గంటన్నర పెట్టారని ఊళ్ళో అనుకుంటున్నారు. మామూలుగా పరిగెత్తేవాళ్ళకి గంట చాలు.

నేను గొణుగుతున్నానని మీకనిపిస్తే అది నా తప్పే. మునిసిపాలిటీ చురుకుదనం చూసి నాకు నిజంగా ముచ్చటేసింది. బుధవారం సాయంత్రం పెరట్లో లీక్ అనే ఉల్లికాడల మడి పీకేశారు. గురువారానికి దాని మీద మెత్తటి కంకర పరిచి, రోలరు తొక్కించి, నీళ్ళు చల్లారు. నూట యాభై ఏళ్ళుగా లేని దారిని రెండు రోజుల్లో పుట్టించారు!

అదే మా ఇంటికొచ్చే ఉన్న దారి చూడండి. పెద్దరోడ్డు మలుపు నుంచి మా గుమ్మం దాకా తొమ్మిదివందల మీటర్లు. అందులో గుంతలు లెక్కపెట్టడం గిలెమ్ పదేళ్ళ వయసులో మానేశాడు. రెండు చలికాలాల కింద రొట్టె బండి ఇరుసు అక్కడ విరిగింది. అప్పటినుంచి రొట్టెలాయన మలుపు దగ్గరే హారను కొట్టి ఆగుతాడు. మాతోనే ఉండే గిలెమ్ నాయనమ్మ జర్మేన్‌కి ఎనభై ఆరేళ్ళు. బుట్ట ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో గుంతలు తప్పించుకుంటూ రోజూ ఆవిడే వెళ్ళి రొట్టె తెస్తుంది. మేం తెస్తామంటే ఊరుకోదు. "రొట్టె ఎంచుకోవడం మీకు రాదు, మాడినవి తెస్తారు" అంటుంది. పోవడానికి నలభై నిమిషాలు, రావడానికి ఇంకా ఎక్కువ. గిలెమ్ మునిసిపాలిటీకి ఆరు ఉత్తరాలు రాశాడు. ఆరింటికీ "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది.

గురువారం మధ్యాహ్నం కపదెవీల్ గారు బాణం గుర్తు చూడ్డానికి స్వయంగా వచ్చారు. గిలెమ్ ఆయన్ని అడిగాడు.

"మిగిలిన కంకర ఆ గుంతల్లో పోయించకూడదాండీ? లారీ ఎలాగూ అటే పోతుంది."

"ఆ దారి మ్యాపులో లేదు కదా బాబూ. ఇది చారిత్రక కంకర."

అప్పటిదాకా పొయ్యి దగ్గర వెల్లుల్లి వొలుస్తున్న నాయనమ్మ తల తిప్పింది.

"ఎవరది, కపదెవీల్ వాళ్ళ చిన్నాడా? ఒరేయ్ జానో, గడప దాటి లోపలికొచ్చి నిలబడే మాట్లాడతావేంట్రా? మీ అమ్మ చూస్తే ఏమంటుంది? కూర్చో."

"లేదు నాయనమ్మా, మీటింగుంది."

"నేను కూర్చోమన్నాను."

కపదెవీల్ గారు కూర్చున్నారు. మా వైపు గడప దాటి కూర్చున్నవాడు సూప్ తాగకుండా లేవడం అంటే ఆ ఇంటిని చీదరించుకున్నట్టే. ఎన్నికలు మార్చిలో ఉన్నాయి. నాయనమ్మ బంధుబలగం మూడు ఊళ్ళలో ఉంది. ఇవి రెండూ ఆయనకి తెలుసు. ఆవిడ బాతు కొవ్వులో వెల్లుల్లి వేయించి సూప్ కాచింది. గిన్నె ఆయన ముందు పెట్టి అందులోకి చూసి, తల అడ్డంగా ఊపింది.

"అడుగున రొట్టె ముక్కలు లేకపోతే ఇది సూప్ ఏంట్రా, వేణ్ణీళ్ళు. ఉండు, బండి వచ్చే వేళైంది. తెస్తాను."

"వద్దు నాయనమ్మా, ఇలాగే తాగేస్తాను."

"నా ఇంట్లో ఎవరూ అలా తాగలేదు. కదిలావంటే చూడు."

బుట్ట తీసుకుని వెళ్ళింది. కపదెవీల్ గారు గంటన్నర మా బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఈలోగా ఆయన్ని పక్కకి తప్పించుకుంటూ పదకొండుమంది పరిగెత్తారు. ఆయన పదకొండుమందికీ బోంజూర్ చెప్పారు. నేను కాఫీ కలుపుతూ నవ్వాపుకోలేక ఫ్రిజ్‌లో తల పెట్టాను. గిలెమ్ కూడా నాతోపాటు పెట్టాడు. చల్లగా, హాయిగా ఉంది.

పరుగుబాటలు మంచివి. నేను ఇంకా అదే అంటున్నాను. మా ఇంట్లోంచి మందులషాపు మూడు పాయింట్ ఎనిమిది సెకన్లలో పోతుంది, రొట్టె మాత్రం మా ఇంటి దాకా రాదు. దీన్ని సరిచెయ్యడానికి మునిసిపాలిటీని ఇబ్బంది పెట్టడం మాకిష్టం లేదు. మా మర్యాద మేం చేస్తాం.

కాబట్టి రేపటి కార్యక్రమం ఇదీ. తొమ్మిదింటికి చౌరస్తాలో పరుగు మొదలవుతుంది. కమిటీవాళ్ళ నడుం చుట్టుకొలత చూస్తే తొమ్మిదీ నలభైకి మా ఉత్తర ద్వారం దగ్గరికి చేరతారు. మునిసిపాలిటీ కాగితంలో ఆదేశించినట్టే తలుపులు రెండూ తెరిచే ఉంటాయి. పెద్ద బల్ల మధ్యలో ఉంటుంది. ఎనిమిది గిన్నెలు, ఎనిమిది చెంచాలు. సూప్ పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది. గడప దాటిన ప్రతి ఒక్కరినీ నాయనమ్మ పేరుపెట్టి పిలిచి కూర్చోబెడుతుంది. ఆ తర్వాత కర్ర అందుకుని, చారిత్రకం కాని దారిన, గుంతలు తప్పించుకుంటూ, నిదానంగా, రొట్టె తేవడానికి వెళ్తుంది.