ఝాన్సీ తెప్పించిన పాత సర్వర్

ఆ పొద్దున్న నువ్వుచేను చూసి వద్దామని బయలుదేరిన నరసింగరావు, చెప్పులు వేసుకుంటూ అరుగు మీదే ఆగిపోయాడు. లోపల కోడలు ఝాన్సీ విశాఖలో ఉద్యోగం చేస్తున్న మొగుడు ధర్మేంద్రతో ఫోనులో మాట్లాడుతోంది. కోడలు ఏం మాట్లాడినా చెవి ఒగ్గి వినడం ఆయనకు అలవాటు. దొంగబుద్ధి కాదు, అభిమానం. ఇంకా పునాది తియ్యని మేడను కంప్యూటర్లో కట్టేసి, దాని గదిగదికీ మనల్ని తిప్పి చూపించగల పిల్ల శ్రీకూర్మం చుట్టుపక్కల ఇంకెవరింట్లో ఉందో చూపించమని ఆయన కనిపించినవాడినల్లా అడుగుతుంటాడు.

"సర్వర్ దొరికినాది బావా," అంటోంది ఝాన్సీ. "పాతదే. హైదరాబాదులో కంపెనీవోళ్ళు తీసేసినారట. ఇన్నేళ్ళూ రాత్రీ పగలూ పన్సేసినా ఇంకా గట్టిగానే ఉన్నాది. దానికి రెండు బుర్రలు. కొత్తదాన్ని మనమెక్కడ తేగలం? శుక్రవారం దిగుతాది."

ఆమె చెబుతున్నది కంప్యూటరు సంగతి. భోగాపురం దగ్గర అపార్టుమెంట్లు కడుతున్న బిల్డరు, కట్టబోయే భవనాన్ని సినిమాలా తీసి ఇమ్మన్నాడు. ఆ పని మొదలెట్టగానే ఆమె లాప్‌టాప్ వేడెక్కి మూర్ఛపోతోంది. రెండు ప్రాసెసర్ల యంత్రం కొత్తది కొనాలంటే ఇంట్లో ఎడ్లూ బళ్ళూ అమ్ముకోవాలి. అందుకని వేసవంతా కూర్చుని, ఏది పాతది కొన్నా ఫరవాలేదో, ఏది కొత్తదే కొనాలో, ఏది దేనితో కలుస్తుందో తేల్చుకుంది. కంపెనీలు పక్కన పెట్టేసిన సర్వర్ తెచ్చి విప్పి, తనకు కావలసినట్టు మళ్ళీ బిగించుకోవాలన్నది ఆమె పథకం.

నరసింగరావుకు తెలిసిన సర్వర్ మాత్రం హోటల్లో ఇడ్లీ తెచ్చి బల్ల మీద పెట్టే మనిషి. పైగా కోడలు 'దిగుతాడు' అనలేదు, 'దిగుతాది' అంది. అంటే ఆడమనిషి. ఒంట్లో సత్తువంతా పిండుకుని, ముసలిదైపోయిందని కంపెనీవాళ్ళు గెంటేస్తే, ఆ దిక్కులేనిదాన్ని తన కోడలు చేరదీస్తోంది. ఆయనకు కళ్ళు చెమర్చాయి. చేను మరిచిపోయి, వంటింట్లోకి వెళ్ళి భార్య జగ్గమ్మకు చెప్పాడు.

"మరి రెండు బుర్రలేటయ్యా?" అంది జగ్గమ్మ.

"అంత తెలివైందనే. నువ్వేటీ అడగకు. గుట్టుగా మంచి సేస్తన్నాది పిల్ల."

అలా పెళ్ళాం నోరు కట్టేసి, ఆయన నేరుగా గంగులు టీకొట్టుకు వెళ్ళి, ఎవరికీ చెప్పవద్దంటూ అక్కడున్న అందరికీ చెప్పాడు.

జగ్గమ్మ ఆ సాయంత్రం దాకా ఓర్చుకుని, వచ్చేదాన్ని ఏ గదిలో ఉంచుతావని కోడలిని మెల్లగా అడిగింది. అత్తకు తన యంత్రం మీద ఇంత శ్రద్ధ ఉన్నందుకు ఝాన్సీ పొంగిపోయింది.

"సల్లటి గదిలో ఉంచాలత్తా, ఏడి తట్టుకోలేదు. రాగానే విప్పేసి, దుమ్మంతా పోగొట్టి, నేనే పేస్టు రాస్తాను. పనున్నప్పుడే లేపుతాను, మిగతాప్పుడు పడుకునే ఉంటాది."

ముక్కూ మొహం తెలియని ముసలిదానికి తానే స్నానం చేయించి, తానే పళ్ళు తోమించి, పని లేనప్పుడు పడుకోనిచ్చే కోడలు. జగ్గమ్మ ఇరుగమ్మకు చెప్పింది. ఇరుగమ్మ చెప్పకుండా మిగిలినవాళ్ళు లేరు. శుక్రవారం నాటికి చల్లటి గదిలో కొత్త నవారు మంచం, దాని మీద మడతపెట్టిన పొందూరు చీర సిద్ధమయ్యాయి. వాకిట్లో హారతి పళ్ళేలతో ఆడవాళ్ళు చేరారు. గంగులు చందాలు పోగుచేసి ఝాన్సీకి శాలువా కొన్నాడు, మైకు కూడా పెట్టించాడు. తన ఒక్క కంప్యూటరు కోసం ఊరు ఇంత సంబరపడడం చూసి, మంచం, చీర కూడా ఆ మర్యాదలో భాగమే అనుకుని, ఝాన్సీ వచ్చినవాళ్ళందరికీ దండాలు పెట్టింది.

పార్సెలు ఆఫీసు నుంచి చిన్న వ్యాను వచ్చి ఆగింది. నరసింగరావు డ్రైవరు పక్క సీటులోకి తొంగి చూశాడు. ఎవరూ లేరు.

"ముసలమ్మేది బాబూ?"

"ముసలమ్మెవరు? సర్వరే ఉంది. అదిగో ఆ పెట్టె. బరువు, ఇద్దరు పట్టాలి."

నరసింగరావు పెట్టె వంక చూశాడు. వాకిట్లో జనం వంక చూశాడు. మైకులో గంగులు ఝాన్సీ దయాగుణం గురించి గొంతు చించుకుంటున్నాడు. ఆయన ఝాన్సీని వ్యాను వెనక్కి తీసుకువెళ్ళి, తాను విన్నదీ ఊరికి చెప్పిందీ మొత్తం చెప్పేశాడు. ఆమెకు ముందు నవ్వు ముంచుకొచ్చింది. మామగారి మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"ఊళ్ళో తలెత్తుకోలేనమ్మా ఇక," అన్నాడాయన.

అప్పుడే చంకలో మూటతో ఒక ముసలామె వ్యాను దగ్గరికి వచ్చింది. పేరు కూర్మమ్మ. కళింగపట్నంలో ఒక మెస్సులో వండి వడ్డించేదట. వయసు మళ్ళిందని ఈ మధ్యే మానిపించేశారట. గంగులు మాట ఏ బస్సెక్కి వెళ్ళిందో, అక్కడిదాకా వెళ్ళింది.

"పాత సర్వర్లని సేరదీసే ఇల్లిదేనేటి తల్లీ?"

ఝాన్సీ ఒక్క క్షణం ఆమె మూట వంక చూసింది. తర్వాత చెయ్యి పట్టుకుంది.

"ఇదే మామ్మా. నీకోసమే సూస్తన్నాం. లోపలికి రా."

హారతులు వెలిగాయి. శాలువా కప్పారు. ఆ సందడిలో పెట్టె దొడ్డిదారిన లోపలికి పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఝాన్సీ దాన్ని విప్పి, తుడిచి, ప్రాసెసర్లకు వేడి లాగేసే పేస్టు రాసి, కొత్త సామాన్లతో బిగించి మీట నొక్కింది. ఫ్యాన్లు నూర్పిడి మిషనులా హోరెత్తాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆమె ఊపిరి బిగబట్టింది, వెనక నరసింగరావూ బిగబట్టాడు. కాసేపటికి తెర వెలిగి, రెండు ప్రాసెసర్లూ ఉన్నట్టు చూపించింది. లాప్‌టాప్ మొరాయించిన సినిమా ఒక్క పూటలో తయారైంది. గేటు నుంచి మేడ మీదిదాకా, అక్కడి నుంచి దూరాన సముద్రం దాకా ఎక్కడా ఆగలేదు. బిల్డరు రెండో భవనం పని కూడా ఆమెకే ఇచ్చాడు. లేని మేడ మెట్లన్నీ కళ్ళతోనే ఎక్కి దిగిన నరసింగరావుకు, కోడలి గురించి ఊళ్ళో ఇంకా తక్కువే చెప్పానేమో అనిపించింది.

కూర్మమ్మ మాత్రం బోరింగు దగ్గర ఆడవాళ్ళతో, పిల్ల బంగారమే గానీ పొద్దస్తమానం టీవీ ముందు నుంచి లేవదని చెబుతోంది.