ఇంటికొక వంగని పిల్లి

పిల్లి అన్నాక వంగాలి, సాగాలి, ముడుచుకోవాలి, గోడ దూకాలి అని ఎవరు చెప్పారండీ? అవన్నీ పాతకాలపు పిల్లుల లక్షణాలు. ఈ యుద్ధకాలంలో ప్రతి ఇంటికీ కావలసింది వంగని పిల్లి! ఈ మాట తేలిగ్గా అనడం లేదు. నగరిలో మా నేతవీధిలో ఉండే కుప్పయ్య ఇంటి పిల్లి సుందరిని ఆరు నెలలు కళ్లారా చూసి అంటున్నాను.

సుందరి ఆకారం సంగతి ముందు చెప్పాలి. ఎదురుగా చూస్తే గుమ్మడికాయ. పక్కనుంచి చూసినా గుమ్మడికాయే. దానికి నాలుగు కాళ్లున్నాయన్నది మన నమ్మకమే గాని, పైకి కనిపించేవి పాదాలు మాత్రమే. పొట్ట నేలను తుడుచుకుంటూ నడుస్తుంది. వెనక ఏదో చప్పుడైందనుకోండి, తల ఒక్కటీ తిప్పడం దానికి చేతకాదు. బండిని మళ్లించినట్టు ఒళ్లంతా మళ్లించుకోవాలి. అది మళ్లేలోపు చప్పుడు చేసిన ఎలుక పని ముగించుకుని, మూతి తుడుచుకుని, పిల్లాపాపలతో వెళ్లిపోతుంది. ఒక్కొక్కప్పుడు వీపు నాక్కుందామని మొదలుపెట్టి, సగంలో ఇరుక్కుని, అసలు తనకా ఉద్దేశమే లేనట్టు గోడకేసి చూస్తూ కూర్చుంటుంది.

దీనివల్ల ఎన్ని లాభాలు! ఉట్టి మీది చట్టి భద్రం. చట్టిలో ఏమీ లేదనుకోండి, అది వేరే సంగతి. వీధికుక్కలు దాన్ని పిల్లి అని పోల్చుకోలేవు, కాబట్టి తగాదా లేదు. ఇక, పొయ్యిలో పిల్లి లేవడం లేదని మా వీధిలో ఆడవాళ్లంతా కళ్లనీళ్లు పెట్టుకుంటున్న రోజులివి. సుందరి ఇంట్లో ఆ మాటే పుట్టదు. అది పొయ్యిలో పట్టదు!

బియ్యానికి కంట్రోలు, కిరసనాయిలుకు కంట్రోలు, పంచదారకు కంట్రోలు, నూలుకు కంట్రోలు. కంట్రోలు లేనిది మా వీధి మొత్తం మీద సుందరి పొట్టకొక్కదానికే. ఇంత కరువులో ఒక్క ప్రాణమైనా నిండుగా కనిపిస్తుంటే మీకు సంతోషంగా ఉండదా?

కుప్పయ్యకు మాత్రం సంతోషంగా లేదు. పాపం, ఆయన బాధ ఆయనది. ముప్పయ్యేళ్లుగా గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని వంగి నేసీ నేసీ ఆయన నడుము వంగడం తప్ప మరొకటి ఎరగదు. పక్కటెముకలు దూరంనుంచే లెక్కపెట్టుకోవచ్చు. నూలు డిపో నడిపే ఏకాంబరం రెండు నెలలుగా ఒకటే పాట పాడుతున్నాడు. "స్టాకు రాలేదప్పా, నేనేం సేసేది?" అంటాడు. కుప్పయ్య ఇంట్లో మిగిలింది మగ్గం మీద నిలువు పోగులు సాగదీసి కట్టిన ఆ ఒక్క పడుగు. అది నేసి ఇస్తేనే నాలుగు రోజులు గింజలు. అది పాడైతే ఇంట్లో అందరూ పస్తే.

ఆ పడుగుకు పెట్టిన గంజి వాసనకు ఎలుకలు దిగాయి. ఒకరోజు తెల్లవారి కుప్పయ్య లేచి చూస్తే, అంచు పక్కన జానెడు మేర పోగులన్నీ తెగి వేలాడుతున్నాయి. మగ్గం కిందనే, బెత్తెడు దూరంలో, సుందరి ప్రశాంతంగా కళ్లు మూసుకుని ఉంది.

"ఏమ్మే యశోదా! ఇది పిల్లా, దిండా?" అని అరిచాడు కుప్పయ్య.

భార్య యశోదమ్మకు సుందరి అంటే ప్రాణం. "దాన్ని తిడతావేందయ్యా? దానికేదో జబ్బు సేసుండాది. యాడన్నా వొంగతా ఉండాదా సూడు!" అంది.

నిజమే కదా! తినడానికి లేని ఇంట్లో పిల్లి ఇలా ఊరడమేమిటి? వీధంతా ఈ సమస్య మీద కూర్చుంది. మంత్రసాని గురవమ్మ వచ్చి పొట్ట తడిమి, "పిల్లల్లేవు, ఏం లేవు. అంతా కొవ్వే!" అని తేల్చి వెళ్లిపోయింది. పక్కింటి ఓబయ్య, ఎలుక లోపల అడ్డం తిరిగి ఉంటుందన్నాడు. ఈ పిల్లికి ఎలుక నోట్లోకి తనంతట తాను నడిచి రావాలి గదా అని అందరూ ఆ మాట కొట్టిపారేశారు.

చివరికి యశోదమ్మకే తట్టింది. "గంజి! పడుగుకు పెట్టే గంజిచట్టి ఇది నాకతా ఉండాది. గంజి ఎక్కవై బిగుసుకోనుండాది!"

నవ్వకండి. మా నేతవీధిలో ఇంతకన్నా శాస్త్రీయమైన మాట ఎవరూ చెప్పలేరు. గంజి ఎక్కువైన పడుగు కర్రలా బిగుసుకుంటుంది, వంచితే పటుక్కుమంటుంది. దానికి మందేమిటి? నూనె చేత్తో రాసి, కుంచె పెట్టి ఒకే వాలుగా దువ్వాలి. పడుగుకు పనిచేసేది పిల్లికి పనిచేయదా? కుప్పయ్య కూడా ఇందులో తప్పేమీ పట్టలేకపోయాడు.

ఇంట్లో ఉన్న అర గిన్నెడు నువ్వుల నూనె బయటికొచ్చింది. వీధి మధ్యలో, పడుగు సాగదీసే చోటే, కుప్పయ్య సుందరి ముందుకాళ్లు పట్టుకున్నాడు. ఓబయ్య వెనక్కాళ్లు వెతికి పట్టుకున్నాడు. యశోదమ్మ నూనె రాసి, కుంచెతో తల నుంచి తోక దాకా దువ్వింది. సుందరి మొదట నివ్వెరపోయింది. తర్వాత కుప్పయ్య చెయ్యి బరికింది. ఆ తర్వాత, ఒళ్లంతా నూనెతో జారుడుగా ఉంది కదా, ఇద్దరి చేతుల్లోంచీ సర్రున జారి, పొట్ట ఈడ్చుకుంటూ సందులోకి పోయింది.

"అర గిన్నెడు నూనె నడిసిపోతా ఉండాది! పట్టుకోరా అప్పా!" అని ఓబయ్య అరిచాడు గాని, కదల్లేదు. రెండు రోజులుగా ఆయన తిన్నది లేదు. కుప్పయ్యే వెంటపడ్డాడు.

వంగని పిల్లి వల్ల అసలు లాభం ఇక్కడే మొదలవుతుంది, జాగ్రత్తగా వినండి. మామూలు పిల్లయితే గోడ దూకి మాయమయ్యేది. సుందరి దూకలేదు. పొట్ట ఎత్తలేదు. కాబట్టి అది పోయిన దారంతా దుమ్ములో నూనె చార పడింది. కుప్పయ్య ఆ చార పట్టుకుని పోయాడు. చార సందు దాటింది, వంక పక్కన మలుపు తిరిగింది, ఏకాంబరం ఇంటి పెరటిగోడ దగ్గర ఆగింది. అక్కడ గోడలో నీళ్లు పోయే తూము ఉంది. తూములో సుందరి ఉంది. సగం లోపల, సగం బయట!

కుప్పయ్యకు జాలేసింది. రెండు చేతులూ పెట్టి వెనకనుంచి నెట్టాడు. నూనె పుణ్యమా అని సుందరి అవతలికి జారిపోయింది. తూము ఖాళీ అయింది. కుప్పయ్య వంగాడు. వంగడం ఆయనకు కష్టమా? తల తూముకు ఆనించి లోపలికి చూశాడు.

లోపల పెరట్లో నూలు ఇన్‌స్పెక్టరుగారు భోజనం చేస్తున్నారు.

ఈయన్ను మీకు పరిచయం చేయాలి. నూలు ఎవరికి పోతోంది, మగ్గాలు నిజంగా ఆడుతున్నాయా అని విచారించడానికి ఆరు నెలల కిందట క్యాంపు వేశారు. ఏకాంబరం ఇల్లు విశాలమైనది గనుక క్యాంపు అక్కడే. వచ్చిన కొత్తలో ఆయనా సన్నంగానే ఉండేవారు. ఇప్పుడు మా పూరిళ్ల గుమ్మాల్లోంచి వంగి లోపలికి రాలేరు. వీధిలో నిలబడే, "లోపల మగ్గముందా?" అని కేకేస్తారు. ఉందంటే ఉందని రాసుకుంటారు. అదే ఇంట్లో ఉన్న డిపో వెనకగది గుమ్మం ఇంకా పొట్టిది. అందులోకి ఆయన ఒక్కసారి కూడా తొంగిచూడలేకపోయారు. అందువల్ల 'స్టాకు లేదు' అని రాశారు. చూడనిది ఉందని రాస్తే అబద్ధమైపోదూ?

అలాంటి మనిషి పీట మీద కూర్చుని ఆకు ముందుకు వంగి ఎలా తింటారు? కుర్చీలో కూర్చున్నారు. మరి ఆకు ఎక్కడ వేయాలి? అంత ఎత్తున బల్ల కావాలి కదా! ఏకాంబరం బల్ల ఏర్పాటు చేశాడు. మిల్లు ముద్ర కూడా చెరగని నూలు బేలు ఒకటి తెచ్చి నిలబెట్టి, దాని మీద అరిటాకు వేశాడు. ఆకులో తెల్లటి అన్నం, పప్పు, నెయ్యి. ఆయన వేళ్ల సందుల్లోంచి జారిన ముద్దలు కింద పడుతున్నాయి. ఆయన వంగి తీయలేరు. కింద సుందరి ఉంది.

కుప్పయ్యకు పిల్లి జబ్బు అర్థమైంది. వెనకగది తలుపు తెరిచే ఉంది. లోపల ఇంకా బేళ్లు, ఒకదాని మీద ఒకటి, అటక దాకా. రెండు నెలలుగా రాని స్టాకు! ఆయన కడుపు మండిపోయింది. "ఒరే ఏకాంబరం! నా మగ్గం పస్తుంటే నూలు మీద నెయ్యి పోసుకుంటారంట్రా!" అని తూములోంచే కేక పెట్టాడు.

పెరటి తలుపు తెరుచుకుంది. ఏకాంబరం కోపపడతాడనుకున్నారా? ఛ! "రా కుప్పయ్యా, రాప్పా. బయట నిలబడతావేంది? ఒక ముద్ద తిని పో" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు. ఇంకో ఆకు వేయించాడు.

ఇక్కడ కుప్పయ్యను తిట్టుకోకండి. మీరు మూడు వారాలు జావ తాగి, తర్వాత నెయ్యి వాసన చూసి, అప్పుడు తిట్టండి. ఆయన తిన్నాడు. కడుపు నిండింది. కోపం ఎటుపోయిందో ఆయనకే తెలీలేదు. వెళ్లేటప్పుడు ఏకాంబరం చిలపలు, అంటే నూలు పోగుల చుట్టలు, తెచ్చి, ఆయన నడుముకు తన చేతులతోనే చుట్టి, పైన పంచె బిగించి, "ఎవురికీ సెప్పొద్దు, ఏం? నీ మగ్గం ఆడితే సాలు గదా" అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆకాశం వైపు చూశారు. మెడ కూడా ఆ ఒక్క వైపే తిరుగుతుంది.

కుప్పయ్య ఇంటికొచ్చాడు. నడుము చుట్టూ నూలుతో నిటారుగా, గుండ్రంగా, చిన్న చిన్న అడుగులు వేస్తూ వచ్చాడు. అరుగు మీద ఓబయ్య కూర్చుని ఉన్నాడు.

"పిల్లి దొరికినాదా అప్పా? ఏకాంబరం ఇంటి దిక్కు పోయినావంట గదా. నూలు సంగతేమన్నా తెలిసినాదా?"

కుప్పయ్య పంచె సర్దుకున్నాడు. "స్టాకు... రాలేదంటప్పా" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి ఏకాంబరం గొంతుతో వచ్చినట్టు ఆయనకే అనిపించింది.

ఓబయ్య తలూపి, లేవబోయి, కళ్లు తిరిగి అరుగు మీదినుంచి కిందికి జారాడు. కుప్పయ్య ఆయన్ను లేపడానికి వంగబోయాడు. వంగలేకపోయాడు! నూలు పొట్టకు అడ్డం పడింది. రెండోసారి ప్రయత్నించి, సగంలో ఆగి, గోడకేసి చూస్తూ నిలబడిపోయాడు.

యశోదమ్మ పరుగున వచ్చి ఓబయ్యను లేపి నీళ్లు తాగించింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. పైనుంచి కింది దాకా చూసింది. చెయ్యి పట్టుకుని వాసన చూసింది. నెయ్యి! లోపలికి పోయి, గిన్నెలో అడుగున మిగిలిన నూనె, కుంచె పట్టుకొచ్చింది.

"వొంగు సామీ" అంది. "నీకు గూడా గంజి ఎక్కవైనట్టుండాది."

సిగ్గుతో కుప్పయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. పంచె వదులు చేశాడు. చిలపలు ఒక్కొక్కటే జారి ఓబయ్య కాళ్ల దగ్గర పడ్డాయి. "వచ్చిండాదప్పా. బేళ్లు బేళ్లు వచ్చిండాది. నేను తిని వచ్చినాను, నన్ను కొట్టు" అన్నాడు. ఓబయ్య కొట్టలేదు. చిలప ఒకటి తీసుకుని చెంపకు ఆనించుకున్నాడు.

ఆ సాయంత్రమే వీధి వీధంతా నూనె చార వెంట నడిచింది. ఏకాంబరం పెరట్లో నూలు బయటపడింది, ఇంటికింత అని పంచుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు పారిపోదామనుకున్నారు గాని, కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది. అందరూ వేలిముద్రలు వేసి పైకి అర్జీ పంపారు.

చూశారా వంగని పిల్లి మహిమ! పైవాళ్లూ తక్కువవాళ్లు కారు, వెంటనే చర్య తీసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారిని నూలు నుంచి పూర్తిగా తప్పించేశారు. మేమంతా సంబరపడ్డాం.

నూనెకు వేశారు.

ఇప్పుడు నూనెకు కూడా కంట్రోలు వచ్చింది. స్టాకు రాలేదంటున్నారు. యశోదమ్మ గిన్నె ఎండిపోయి నెలైంది. సుందరి చిక్కి, నడుము వంగి, చక్కగా గోడ దూకడం నేర్చుకుంది. అయితే నాలుగు రోజులుగా మళ్లీ కాస్త ఒళ్లు చేస్తోంది. రోజూ మధ్యాహ్నం ఎక్కడికో పోయి, మూతి నాక్కుంటూ వస్తోంది. ఎక్కడికి పోతోందో కనిపెడదామని కుప్పయ్యా ఓబయ్యా కుంచె పట్టుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చున్నారు. మళ్లీ చార పడేలా దాని ఒంటికి రాయడానికి మా వీధిలో చుక్క నూనె లేదు.